పగలగొట్టడానికే ఆ గుడ్డు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఈస్టర్ గుడ్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి, కాదనను. కానీ అసలు ఈ పండక్కి గుడ్డెందుకు అన్న దగ్గరికి వచ్చేసరికి "ఏదో పాత దేవత పండుగ నుంచి వచ్చింది" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఏటా పిల్లల్ని కూర్చోబెట్టుకుని గుడ్లకు రంగులేసేదాన్ని, నాకది మింగుడుపడలేదు.

ఆ దేవత మాట బీడ్ అనే ఇంగ్లండ్ సన్యాసి కాలగణన మీద 725లో రాసిన పుస్తకంలోది. ఇయోస్ట్రే అనే దేవత వల్ల ఒక నెలకు, ఆ నెల వల్ల ఈస్టర్‌కు ఆ పేరు వచ్చిందన్నాడు, అంతే. గుడ్డు ఊసు లేదు, ఈస్టర్ గుడ్లు తెస్తుందని పిల్లలకు చెప్పే కుందేలు ఊసు అసలే లేదు. పైగా ఈ పేరు గొడవ ఇంగ్లిష్, జర్మన్ లాంటి భాషలదే. గ్రీకులు, ఫ్రెంచివాళ్లు, ఇటలీవాళ్లు, రష్యన్లు ఇప్పటికీ పస్కా అనే యూదుల పండుగ పేరు నుంచి వచ్చిన పేర్లతోనే పిలుస్తారు.

గుడ్డు కథ కోసం అంత దూరం ఎందుకు, వంటింట్లో చూస్తే చాలు. పూర్వం ఈస్టర్ ముందు వచ్చే ఉపవాస కాలంలో మాంసంతో పాటు పాలు, వెన్న, గుడ్లు కూడా ముట్టేవారు కాదు, గ్రీసు, రష్యా లాంటి చోట్ల ఉండే ఆర్థడాక్స్ చర్చివాళ్లలో నిష్ఠగా ఉండేవాళ్లు ఇప్పటికీ అంతే. మనం ఉపవాసమని కోడి మానేస్తుందా, దాని పని అది చేసుకుపోతుంది! అలా పోగుపడ్డ గుడ్లు పండుగనాటికి విందయ్యాయి, కానుకలయ్యాయి. 1290లో ఇంగ్లండ్ రాజు ఒకటో ఎడ్వర్డ్ ఇంటి ఖర్చుల పద్దులో 450 గుడ్లకు 18 పెన్నీలని రాసి ఉంది, రంగులేసి, కొన్నిటికి బంగారు రేకు అంటించి పంచడానికట.

మీ వ్యాసంలో నాకు ఇంకా చిరాకు తెప్పించింది ప్లాస్టిక్ గుడ్లు కొనుక్కోమన్న సలహా, అవైతే పగలవు, ఏటా వాడుకోవచ్చట. మా చిన్నవాడు ఒకసారి "ఇంత కష్టపడి రంగులేసి మళ్లీ పగలగొట్టడం ఎందుకమ్మా" అని అడిగాడు. అసలు సంగతంతా అందులోనే ఉంది కదండీ. పెంకు అంటే క్రీస్తును ఉంచి మూసిన సమాధి, అది పగలాలి. గ్రీకులు గుడ్లకు ఎర్రరంగు వేస్తారు, అది క్రీస్తు రక్తం. పండుగనాడు ఒకరి గుడ్డుతో ఒకరి గుడ్డును ఢీకొట్టి "క్రీస్తు లేచాడు" అంటారు, ఎవరి గుడ్డు చివరిదాకా నిలిస్తే ఆ ఏడాది వాళ్లకి మంచి జరుగుతుందని సరదా. నగల తయారీదారు ఫాబెర్జె 1885లో రష్యా చక్రవర్తి భార్య కోసం చేసిన మొదటి గుడ్డు కూడా తెరిచేదే, తెల్లటి పెంకులో బంగారు పచ్చసొన, అందులో బంగారు కోడి.

అయితే పగలగొట్టనివీ ఉన్నాయి, ఉక్రెయిన్ వాళ్ల పిసాంకా. ఆ పేరే 'రాయడం' అన్న మాట నుంచి వచ్చింది. తెల్లగా ఉండాల్సిన చోట మైనంతో గీసి పసుపురంగులో ముంచుతారు, పసుపు మిగలాల్సిన చోట మళ్లీ మైనం, తర్వాత ఎరుపు, చివరికి నలుపు. అప్పటికి చూస్తే నల్లటి ముద్ద. దాన్ని కొవ్వొత్తి పక్కన పట్టుకుని, కరిగిన మైనాన్ని గుడ్డతో తుడుస్తుంటే లోపలి రంగులు ఒక్కొక్కటే బయటపడతాయి. పండుగ అర్థం చెప్పడానికి వేరే ఉపన్యాసం అక్కర్లేదనిపిస్తుంది నాకైతే. 2024లో యునెస్కో దీన్ని వారసత్వ జాబితాలో చేర్చింది కూడా, దీని గురించి మీ వ్యాసంలో ఒక్క వాక్యం లేదు.

వీలైతే ఆ దేవత సంగతి సవరించి వేయండి. అలాగే రంగునీళ్లలో ఒక చెంచా వెనిగర్ కలపాలని కూడా రాయండి. అది రాయకపోవడం వల్ల మీ కొలతలే నమ్ముకున్న మా పెద్దమ్మాయి గుడ్లు పాలిపోయి మిగిలాయి, రంగంతా దాని చేతులకే అంటింది.

ఇట్లు
మీ పాఠకురాలు