పీజీని వాయిదా వేసేవారు తేదీ పెట్టుకుని వేయాలి

సంపాదకులకు నమస్కారం.

డిగ్రీ ముగించి, రెండు మూడేళ్లు ఏదో ఒక ఉద్యోగం చేసుకుని, మళ్లీ కళాశాలకు వెళ్లి పీజీ చదవాలని ఆశపడే యువతీయువకులు మన గోదావరి జిల్లాల్లో ఎందరో ఉన్నారు. పీజీ ప్రవేశ పరీక్ష అయిన పీజీసెట్ ఫలితాలు వచ్చి కౌన్సెలింగ్ తేదీలు ప్రకటించే రోజుల్లో వారి ఇళ్లలో ఒకటే చర్చ నడుస్తుంది: ఈ ఏడాదే చేరాలా, వచ్చే ఏడాదికి ఆగాలా? కోనసీమ డిగ్రీ కళాశాలల్లో జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన నా దగ్గరికి పాత విద్యార్థులు ఇప్పటికీ ఈ ప్రశ్నతో వస్తుంటారు. వారికి చెప్పే మాటలనే వారి తల్లిదండ్రులకు, ప్రవేశాలు నిర్వహించే పెద్దలకు కూడా మీ పత్రిక ద్వారా విన్నవించాలని ఈ లేఖ రాస్తున్నాను. చదువును వాయిదా వేయడం తప్పని నేను అనను. అయితే ఎందుకోసం ఆగుతున్నారో, ఏ నెల వరకు ఆగుతున్నారో చెప్పలేని వాయిదా నేను చూసినంతవరకు చదువు మానేయడంతోనే ముగిసింది.

మన డెల్టాలో ఈ ప్రశ్న ఇంత బరువుగా ఎందుకుంటుందో ముందు చెప్పాలి. పీజీ ప్రవేశాలు జరిగేది వానాకాలంలో. సార్వా (ఖరీఫ్) నాట్లు పడి, దమ్ముకు, కూలికి, ఎరువులకు చేతిలోని డబ్బంతా చేలోకి వెళ్లిపోయి, పంట చేతికొచ్చే మాసూళ్లకు ఇంకా మూడు నాలుగు నెలలు గడువున్న సమయంలోనే ఫీజు, హాస్టల్ అడ్వాన్సు కట్టమంటారు. దాళ్వా (రబీ) ధాన్యం డబ్బు వేసవిలో వచ్చినా అది పాత అప్పులకే సరిపోతుంది. కౌలు రైతు ఇంట్లో అయితే కౌలు బస్తాలు కొలిచిన తర్వాత మిగిలేదానితోనే ఏడాదంతా గడవాలి. రొయ్యల చెరువులున్న ఇళ్లు పైకి కలిగినవిగా కనిపిస్తాయి గానీ, వైట్ స్పాట్ అనే రొయ్యల వ్యాధి సోకి చెరువును గడువుకు ముందే పట్టేయాల్సి వస్తే మేత డీలరు బాకీ ఒక్కటే మిగులుతుంది. 2025 ఆగస్టులో అమెరికా రొయ్యలతో సహా మన దేశపు చాలా సరుకులపై సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు భీమవరం, ఆకివీడు ప్రాంతాల రైతులు ఎంత ఆందోళన పడ్డారో మీ పాఠకులకు తెలుసు. దీనికి తోడు, ప్రైవేటు కళాశాలల్లో పీజీ చదివేవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ నిలిపివేస్తూ 2020 డిసెంబరులో 77వ నంబరు జీవో వచ్చినప్పటి నుంచి, పీజీ అంటే ప్రతి రూపాయీ ఇంటి నుంచే తీయాలన్న భయం తల్లిదండ్రుల మనసులో పాతుకుపోయింది. ఈ లెక్కలన్నీ చూసుకుని ‘ఈ ఏడాదికి ఆగుదాం’ అనుకున్న కుటుంబానికి చదువు విలువ గురించి మనం ఉపన్యాసాలు చెప్పడం న్యాయం కాదు.

నా పాత విద్యార్థి ఒకరు డిగ్రీ తర్వాత పాలకొల్లు వైపు ఒక ఆక్వా ల్యాబ్‌లో చేరారు. చెరువుల నుంచి వచ్చిన నీటి నమూనాలు పరీక్షించడం, రొయ్య పిల్లకు వ్యాధి ఉందో లేదో తేల్చే పీసీఆర్ పరీక్షలు చేయడం ఆయన పని. ఎమ్మెస్సీలో సీటు వచ్చిన ఏడాదే తండ్రి లీజుకు తీసుకున్న చెరువు దెబ్బతింది. ‘ఇప్పుడు జీతం వదులుకుంటే ఇల్లు నడవదు మాస్టారూ, ఆగితే మళ్లీ వెళ్లగలనో లేదో తెలియదు’ అన్నారు. ఆగమనే చెప్పాను. ఆయన చేస్తున్న పని ఆయన చదవబోయే శాస్త్రానికి దూరమైనది కాదు. తరగతి గదిలో బొమ్మ గీసి చెప్పే వ్యాధిని ఆయన రోజూ సూక్ష్మదర్శిని కింద చూస్తున్నారు. ఏ కాలంలో ఏ తెగులు వస్తుందో, రైతు ఏ మందు ఎందుకు వాడుతున్నాడో, అందులో ఎంత వృథాయో ఆయనకు తెలిసినంతగా అప్పుడే డిగ్రీ ముగించిన కుర్రవాడికి తెలిసే అవకాశం లేదు. అలాంటి వ్యక్తి మరుసటి ఏడాది తరగతిలో కూర్చుంటే అడిగే ప్రశ్నలే వేరుగా ఉంటాయి. కాకపోతే మేత బాకీ ఏ నెలకు తీరుతుందో, ఆ తర్వాత జీతంలో ఎంత పక్కన పెట్టగలరో, వచ్చే పీజీసెట్‌కు ఎప్పటి నుంచి చదవాలో కాగితం మీద రాసి ఇంట్లో అందరికీ చూపించమన్నాను. ఆయన అలాగే చేశారు. ఇంట్లోవాళ్లు ఒప్పుకున్న తేదీ ఒకటి ఉండబట్టే, ఆ తర్వాత యజమాని జీతం పెంచి ఉండిపొమ్మన్నా ఆయన ఉండిపోలేదు.

ఇందుకు పూర్తిగా విరుద్ధమైన వాయిదా ఇంకొకటి ఉంది. అది మన జిల్లాల్లోనే కాదు, రాష్ట్రమంతటా కనిపిస్తుంది: నోటిఫికేషన్ కోసం ఆగడం. 2018 డీఎస్సీ తర్వాత ఉపాధ్యాయ పోస్టులకు మళ్లీ పరీక్ష జరిగి నియామకాలు పూర్తయింది 2025లోనే. ఆ ఏడాది 16,347 పోస్టులకు ప్రకటన వచ్చింది. మధ్యలో 2024 ఫిబ్రవరిలో ఒక ప్రకటన వెలువడి రద్దయింది కూడా. ఈ ఏడేళ్లలో ‘డీఎస్సీ పడగానే రాసేసి, తర్వాత పీజీ సంగతి చూద్దాం’ అనుకున్నవారిని నేను ఎంతోమందిని ఎరుగుదును. వాళ్లు సోమరులు కారు. కోచింగ్ సెంటర్ల దగ్గర గదులు అద్దెకు తీసుకుని తెల్లవార్లూ చదివినవారే. ఆ కాలంలో ఒక పీజీ, ఆపై పరిశోధన కూడా పూర్తయి ఉండేవి. ఉద్యోగ పరీక్ష రాయవద్దని నేను అనను, తప్పక రాయాలి. అయితే ప్రభుత్వం ఎప్పుడు ఇస్తుందో తెలియని ప్రకటనకు మన చదువు తేదీని ముడిపెట్టకూడదు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు ఏ కారణంతో చేలు బీడు పెడుతున్నారో, ఏమేమి తీరితే మళ్లీ నాట్లు వేస్తారో ముందే లోకానికి చెప్పారు. చదువుకు విరామం ఇచ్చేవారికీ అంత స్పష్టత ఉండాలి.

‘వయసు అయిపోతోంది, గ్యాప్ వస్తే సీటు ఇవ్వరు’ అన్న భయం చాలా ఇళ్లలో వింటాను. ఇందులో నిజమెంతో విడదీసి చూసుకోవాలి. మధ్యలో ఖాళీ ఉన్నవారు ఆ కాలంలో ఏం చేశారో ధ్రువపత్రం ఇస్తే సరిపోతుంది, అది సీటుకు అడ్డం కాదు. సహాయ ఆచార్య పదవి అర్హత కోసం జాతీయ అర్హత పరీక్ష (నెట్) రాయడానికి గరిష్ఠ వయసు లేదు. కానీ అదే నెట్ ద్వారా వచ్చే పరిశోధన ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్‌కు 30 ఏళ్ల పరిమితి ఉంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ అభ్యర్థులకు మరో అయిదేళ్ల సడలింపు ఉంది. నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ అంటే, ఇంటి నుంచి రూపాయి అడగకుండా పరిశోధన చేసుకోవడానికి పేద విద్యార్థికి ఉన్న దాదాపు ఏకైక దారి. కాబట్టి పరిశోధన వైపు వెళ్లదలచిన 27 ఏళ్ల అబ్బాయి రెండేళ్లు ఆగడం, ఉద్యోగంలో పైమెట్టు కోసం పీజీ చేయదలచిన అబ్బాయి రెండేళ్లు ఆగడం ఒకటి కాదు. ఇంజనీరింగ్ చదివినవారికి గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. విదేశాలకు వెళ్లదలచినవారికి జీఆర్‌ఈ స్కోరు అయిదేళ్లు, ఐఈఎల్‌టీఎస్ రెండేళ్లు చెల్లుతాయి. తన దారిలో ఏ గడువు ముందుగా ముగుస్తుందో తెలుసుకోకుండా ‘ఒక్క ఏడాదే కదా’ అనుకోకూడదు.

ఆడపిల్లల విషయం విడిగా చెప్పక తప్పదు. అబ్బాయి ఏడాది ఆగితే అది ఉద్యోగంలోనో పరీక్షల తయారీలోనో గడుస్తుంది. అమ్మాయి ఆగిన ఏడాదిలో పెళ్లి సంబంధాలు వస్తాయి. ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ ఎమ్మెస్సీ సీటు తెచ్చుకున్న ఒక అమ్మాయి తండ్రి నాతో, ‘ఈ ఏడాదికి ఆగితే ఏం పోతుందండీ, పెళ్లయ్యాక అత్తారింటి దగ్గర చదువుకోదా’ అన్నారు. ఆయన కూతురి మేలు కోరని మనిషి కారు. అయినా పెళ్లి తర్వాత కాపురం, పిల్లలు, ఊరు మారడం ఇవన్నీ చుట్టుముట్టినప్పుడు తిరిగి తరగతి గదికి వచ్చినవారు నా విద్యార్థినుల్లో చాలా తక్కువమంది. వచ్చినవారి వెనక అత్తగారో భర్తో గట్టిగా నిలబడ్డారు. అందుకే సీటు చేతిలో ఉన్న అమ్మాయిని, డబ్బుకు ఏ కాస్త వెసులుబాటు ఉన్నా, ఆగవద్దనే నేను చెబుతాను. ఈ ఒక్క విషయంలో నా సలహా అబ్బాయిలకు ఒకలా, అమ్మాయిలకు ఒకలా ఉంటుందని నాకు తెలుసు. వారి చుట్టూ ఉన్న పరిస్థితులు ఒకటిగా లేనప్పుడు సలహా ఒకటిగా ఉండటం కుదరదు.

ఉద్యోగం వదలకుండా చదివే మార్గాలు ఇదివరకటి కన్నా పెరిగాయి. గుర్తింపు ఉన్న సార్వత్రిక, దూరవిద్యా డిగ్రీలను విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) రెగ్యులర్ డిగ్రీలతో సమానంగా పరిగణిస్తోంది. తెలుగు, చరిత్ర, అర్థశాస్త్రం, వాణిజ్యం వంటి విషయాలు చదివేవారికి ఇది మంచి దారే. ప్రయోగశాల ఉన్న శాస్త్రాలకు మాత్రం నేను దీన్ని సిఫారసు చేయను. చేత్తో కోసి, రంగు వేసి, చూసి నేర్చుకోవాల్సినదాన్ని పుస్తకంలో చదివి నేర్చుకోలేరు. ఇక నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీ పూర్తిచేసినవారు ఏడాదిలోనే పీజీ ముగించేందుకు 2024లో యూజీసీ విడుదల చేసిన చట్రం వీలు కల్పిస్తోంది. మూడేళ్లతో ఆపినవారికి అది రెండేళ్లే. ఆగాలా వద్దా అని లెక్క వేసుకునేటప్పుడు ఈ తేడా కూడా చూసుకోవాలి. బ్యాంకు రుణం విషయంలో ఒక్క మాట: చదువుతున్న కాలంలోనూ, ఆ తర్వాత ఏడాదిపాటూ కిస్తీ కట్టనక్కరలేకపోయినా వడ్డీ లెక్క మాత్రం మొదటి రోజు నుంచే మొదలవుతుందని సంతకం పెట్టే ముందే తల్లిదండ్రులకు తెలియాలి.

ఇంతవరకు కుటుంబాలకు చెప్పాను. ప్రవేశాలు నిర్వహించే ఉన్నత విద్యామండలికి, 2006 నుంచి ఉభయ గోదావరి జిల్లాల ఉన్నత విద్యకు ఆధారంగా ఉన్న ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయానికి రెండు విన్నపాలు ఉన్నాయి. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతున్నప్పుడు పీజీసెట్ ర్యాంకు ఒక్క ఏడాదితోనే ఎందుకు ముగియాలి? తండ్రి జబ్బుపడటం వల్లనో, తుపానుకు పంట పోవడం వల్లనో చేరలేకపోయిన విద్యార్థి మళ్లీ దరఖాస్తు రుసుము కట్టి, మళ్లీ చదివి, మళ్లీ పరీక్ష రాయాలి. ఉద్యోగం చేస్తున్నవారు ఆ రెండో ప్రయత్నం దగ్గరే ఆగిపోతున్నారు. ర్యాంకును కనీసం రెండేళ్లు చెల్లనిస్తే, సీటు వచ్చి చేరలేకపోయినవారు మరుసటి ఏడాది కౌన్సెలింగ్‌కు నేరుగా వెళ్లగలుగుతారు. ఇందుకు ప్రభుత్వానికి అదనపు ఖర్చేమీ లేదు.

రెండోది, ఫీజు కట్టే తేదీల గురించి. రాజమహేంద్రవరం, కాకినాడ, తాడేపల్లిగూడెం ప్రాంగణాల్లో చేరేవారిలో వ్యవసాయ కుటుంబాల పిల్లలు ఎక్కువ. చేరేటప్పుడు కొంత భాగం, సార్వా మాసూళ్లు ముగిశాక సంక్రాంతి లోపు మరికొంత, దాళ్వా తర్వాత మిగిలినది కట్టే వెసులుబాటు ఇస్తే ‘డబ్బు లేక ఆగాం’ అనే ఇళ్లలో చాలావాటికి ఆగాల్సిన అవసరమే రాదు. రాజోలు, మలికిపురం వంటి చోట్ల నుంచి రోజూ రాజమహేంద్రవరం వెళ్లిరావడం సాధ్యం కాదు కాబట్టి ఇదే పద్ధతి హాస్టల్ రుసుముకూ వర్తించాలి. వచ్చే పీజీసెట్ ప్రకటన వెలువడక ముందే ఈ రెండింటిపై నిర్ణయం తీసుకోవాలని, తీసుకున్న నిర్ణయాన్ని ఆ ప్రకటనలోనే స్పష్టంగా ముద్రించాలని సంబంధిత అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
అమలాపురం, డా. బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా.