నెల్లూరు పులుసు సరే, అందులో చేప ఏది?

సంపాదకుడు గారికి,

ఒంగోలు దాటి హైవే మీద నెల్లూరు వైపు వస్తుంటే ‘నెల్లూరు చేపల పులుసు’ అని బోర్డు పెట్టని హోటలు అరుదు. హైదరాబాదులోనూ, బెంగళూరులోనూ ఇదే పేరు అమ్ముడుపోతోంది. అంత పేరున్న పులుసులో పడుతున్నది ఏ చేప, ఏ నీళ్ళది, ఎన్నాళ్ళ కిందట పట్టింది అని అడిగితే మాత్రం మన జిల్లాలోనే జవాబు దొరకదు. హోటల్లో ‘ఫిష్ అండీ’ అంటారు. మార్కెట్లో ‘సముద్రం చేపేమ్మా, తెల్లారే వచ్చింది’ అంటారు, అది మే నెలైనా సరే.

మే నెల మాట ఎందుకంటే, తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులపాటు మరబోట్లతో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ విరామం. మోటారు లేని తెప్పలకు మినహాయింపు ఉంది కాబట్టి ఒడ్డు దగ్గర దొరికే నెత్తళ్ళు, కవ్వళ్ళు లాంటివి కాస్తో కూస్తో వస్తూనే ఉంటాయి. కానీ ఆ రోజుల్లో అరుగుల నిండా పెద్ద వంజరాలు కనిపిస్తే అవి కోల్డ్ స్టోరేజీలో ఉన్నవైనా కావాలి, పడమటి తీరం నుంచి లారీలో దిగినవైనా కావాలి. అక్కడ నిషేధం జూన్ 1న గానీ మొదలుకాదు. సరిగ్గా గడ్డకట్టించి దాచిన చేపను తినడానికి అభ్యంతరమేమీ లేదు. దాన్ని ఈరోజు పట్టిన చేపగా చెప్పి ఆ ధర పుచ్చుకోవడం దగ్గరే పేచీ.

తమాషా ఏమిటంటే, పులుసులోకి పుల్లమామిడి దండిగా దొరికేదీ ఆ నెలల్లోనే. ఎండలు ముదిరి చెరువుల్లో నీళ్ళు తగ్గితే కొరమీను, వాలుగ, బొమ్మిడాయి వలకు బాగా పడతాయి. మామిడికాయ పులుసుకు అసలైన జోడీ ఇవే. కొరమీను పైకి వచ్చి గాలి పీల్చుకునే జాతి కాబట్టి తొట్టిలో ప్రాణంతోనే అమ్ముతారు, తాజాదనం మీద వాదన అక్కర్లేదు. బొమ్మిడాయికి జిగురెక్కువ. రాళ్ళుప్పో బూడిదో వేసి బండకేసి రుద్ది, తెల్లగా వచ్చేదాకా కడగకపోతే పులుసంతా నీచు కొడుతుంది. హోటళ్ళలో అది తక్కువగా కనిపించడానికి ఈ చాకిరీ కూడా ఒక కారణం. బొచ్చె, శీలావతి, రూప్‌చంద్ మాత్రం కైకలూరు, భీమవరం వైపు పెంపకం చెరువుల నుంచి కూడా ఐసు పెట్టెల్లో దిగుతుంటాయి. శీలావతి పులుసు బాగానే ఉంటుంది. శీలావతి అని చెప్పి పెడితే ఎవరికీ బాధ లేదు.

ఇక ఐసు. మన ఎండలకు కిలో చేపకు కిలో ఐసు కావాలి. అదీ దంచిన ఐసు. అడుగున ఒక వరస, చేపల మధ్య ఒక వరస, పైన ఇంకో వరస వేయాలి, కరిగిన నీళ్ళు బయటికి పోవడానికి పెట్టెకు రంధ్రం ఉండాలి. చాలాచోట్ల జరిగేది వేరు. పైన నాలుగు గడ్డలు పడేస్తారు. అడుగు చేపలు ఎర్రనీళ్ళలో నానుతుంటాయి. సిమెంటు అరుగు మీద పరిచినవాటికైతే అదీ లేదు, మగ్గుతో నీళ్ళు చల్లుతూ ఉంటారు. దానివల్ల పొలుసు మెరుస్తుందే తప్ప చేప చల్లబడదు. పది దాటాక అలాంటి అరుగు మీద కొనేవాళ్ళు మొప్ప ఎత్తి చూడాలి. తాజాగా ఉంటే ఎర్రగా, తడిగా ఉంటుంది. గోధుమరంగుకు తిరిగి జిగురు చిక్కబడిందంటే వదిలేయడమే మేలు. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే లేవాలి. కన్ను ఉబ్బుగా, తేటగా ఉండాలి. రొయ్యకు తల వదులైనా, నల్లమచ్చలు మొదలైనా పాతదే. పీతను కాళ్ళాడుతుంటేనే కొనాలి.

ఈగలు వాలకపోతే చేప చెడకుండా ఫార్మలిన్ అనే రసాయనం కొట్టినట్టేనని ఒక మాట ప్రచారంలో ఉంది. ఐసు నిండా ఉన్న చేప మీద కూడా ఈగలు తక్కువే వాలతాయి, కాబట్టి ఆ గుర్తును నమ్మి ఎవరి మీదా నింద వేయలేం. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఫార్మలిన్‌కూ, అమ్మోనియాకూ విడివిడిగా పరీక్ష కిట్లు తయారుచేసింది. చిన్న కాగితం ముక్క రంగు మారితే నిమిషాల్లో తేలిపోతుంది. ఆహార భద్రతాధికారులు వారానికొకసారి, చెప్పకుండా, మార్కెట్లోనే అందరి ముందూ ఆ పరీక్ష చేస్తే పుకార్లూ ఆగుతాయి, మందు కొట్టేవాళ్ళూ ఆగుతారు.

తూకం గొడవల్లో సగం అమ్మేవాళ్ళ తప్పు కాదని కూడా చెప్పాలి. కిలో కొరమీను తల, పొట్ట, పొలుసు తీసేశాక 600 - 700 గ్రాములే మిగులుతుంది. రొయ్యలు తలా పొట్టూ తీస్తే సుమారు సగానికి వస్తాయి. ఇది తెలియక ఇంటికెళ్ళి తూచుకుని తగాదాకు వచ్చేవాళ్ళున్నారు. గిన్నె బరువు తీసేసి కాటా సున్నా చూపించాక, నీళ్ళు వడిసిన చేపను కోయకముందు తూచాలి. తల, జన (చేప గుడ్లు) ఇవ్వమని ముందే అడగాలి. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖ ఏడాదికోసారి ముద్ర వేయాలన్నది నిబంధన. ఆ ముద్ర ఉన్న కాటా ఒకటి మార్కెట్టు గేటు దగ్గర అందరికీ అందుబాటులో పెడితే ఈ గొడవలు చాలావరకు ఉండవు.

1999లో రైతుబజార్లు పెట్టినప్పటి నుంచి టమాటా, వంకాయ ధరలను రోజూ పొద్దున్నే బోర్డు మీద రాస్తున్నారు. కిలో ముప్ఫై రూపాయల వంకాయకున్న బోర్డు వందలు పోసి కొనే చేపకు ఎందుకు లేదు? ప్రతి అరుగు దగ్గరా ఒక పలక చాలు. చేప పేరు, సముద్రమా చెరువా పెంపకమా, ఈరోజుదా నిల్వదా, కిలో ధర. రాసేది సుద్దముక్కతోనే కాబట్టి ధర మారితే తుడిచి రాసుకోవచ్చు. పేర్లు మన వాడుకలోవే ఉండాలి. వంజరాన్ని ‘సీర్ ఫిష్’ అనీ, కొరమీనును ‘మర్రెల్’ అనీ రాస్తే కొనేవాళ్ళకూ అమ్మేవాళ్ళకూ అర్థం కాదు.

హోటళ్ళకు ఇంతకన్నా తేలిక. మెనూలో ‘చేపల పులుసు’ పక్కన ఆ పూట చేప పేరు, ప్లేటుకు ఎన్ని ముక్కలు అన్నది రాయాలి. ముల్లు లేని వేపుళ్ళకు పంగాసియస్ అనే పెంపకం చేప వాడటం మామూలే. అదైతే అదని రాయాలి. నిన్నటి పులుసైతే దాచాల్సిన పనే లేదు, మరుసటి రోజుకే రుచని మనవాళ్ళందరికీ తెలుసు. దాన్ని రాత్రంతా పొయ్యి పక్కన ఉంచారా, ఫ్రిజ్‌లో పెట్టారా అన్నదే చూడాలి. బయటి ఊళ్ళనుంచి పులుసు కోసమే వచ్చేవాళ్ళు ఏ హోటలు మంచిదని అడుగుతుంటారు. చేప పేరు రాసిన హోటలుకు వెళ్ళమని చెప్పగలిగితే బాగుండును.

చట్టం మార్చాల్సినంత పని ఇందులో ఏమీ లేదు. మార్కెట్టు వేలం షరతుల్లో పలకలు, దంచిన ఐసు, నీళ్ళు పోయే కాలువ అని మూడు మాటలు చేర్చితే పాటదారుడిదే బాధ్యత అవుతుంది. ‘ఈరోజుదా నిల్వదా’ అన్న గడి అన్నిటికన్నా అవసరమయ్యేది వేట నిషేధం రోజుల్లోనే కాబట్టి, ఏప్రిల్ 15 లోపు పలకలు అరుగుల మీదికి రావాలి.

- ఒక పాఠకురాలు, నెల్లూరు