కొత్త అల్యూమినియం పడవ: తొలి అభిప్రాయాలు

సభ్యులందరికీ నమస్కారం. నాగార్జునసాగర్ వెనుక జలాల్లో, వైజాగ్ కాలనీ వైపు దింపిన నా కొత్త అల్యూమినియం పడవ గురించి పలువురు అడిగినందున ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అమెరికాలో బాస్ చేపల వేటకు వాడే పడవల తరహాలో దీని అడుగు దాదాపు చదునుగా ఉంటుంది. ముందు భాగంలో నిలబడి గాలం విసరడానికి ఎత్తైన వేదిక ఉంది. పుట్టిలో కూర్చుని అలవాటుపడిన మనకు, నిలబడినా ఒరగని ఈ స్థిరత్వమే ముందుగా నచ్చుతుంది. అల్యూమినియం సాంద్రత ఉక్కులో సుమారు మూడో వంతే కనుక పడవను ఒడ్డుకు లాగడం తేలిక. రాయికి తగిలితే ఫైబర్ పడవ పగిలే చోట ఇది చాలావరకు సొట్టతో సరిపెట్టుకుంటుంది.

అయితే ఈ తేలికదనమే గాలి వీచినప్పుడు ఇబ్బంది అవుతుంది. లంగరు వేయకపోతే పడవ పక్కకు కొట్టుకుపోతుంది. అంతకంటే పెద్ద లోపం చప్పుడు. డబ్బా జారినా, అలలు అడుగును తాకినా ఆ శబ్దం నీటిలోకి పోయి లోతు తక్కువ చోట చేపలు బెదురుతాయి కాబట్టి, లోపల మందమైన రబ్బరు చాప పరచక తప్పలేదు. మన ఎండలకు రేకు కాలిపోతుంది, ఆ చాప పాదాలకూ రక్షణే.

సొంతం చేసుకోదలచినవారు రాగి, ఇత్తడి వస్తువులను తడి అడుగున వదలకండి. అవి తగిలిన చోట అల్యూమినియం తుప్పు తిన్నట్టు త్వరగా అరిగిపోతుంది. ఎంత స్థిరమైన పడవైనా లైఫ్ జాకెట్ లేకుండా నేను ఎవరినీ ఎక్కించుకోను.