రేపటి క్లాసుకు ముందు ఒక్క మాట

అందరికీ నమస్తే. ఇవాళ మన ఇంగ్లీషు క్లాసులో చాలామంది తడబడింది ఒక్క దగ్గరే, ప్రశ్నను మర్యాదగా అడగడంలో. అందుకే పడుకునే ముందు రాస్తున్నా.

క్లాక్ టవర్ దగ్గర కొత్త మనిషిని ఆపి "వేర్ ఈజ్ ద బస్టాండ్?" అంటే తప్పు కాదు, కానీ కొంచెం మొరటుగా ఉంటుంది. ముందు "కుడ్ యూ టెల్ మీ" చేర్చారు, బాగుంది. వెనక "ఈజ్" మాత్రం కదల్లేదు. "కుడ్ యూ టెల్ మీ వేర్ ద బస్టాండ్ ఈజ్?" అనాలి.

నిజానికి ఇది మనం రోజూ చేసే పనే. "దేవరకొండ బస్సు ఎక్కడ ఆగుతుంది?" అనే ప్రశ్న, మర్యాదగా అడిగితే "ఎక్కడ ఆగుతుందో చెప్తారా?" అవుతుంది. ఆ చివరి "ఓ" చేసే పనిని ఇంగ్లీషులో మాటల వరుస చేస్తుంది. "వేర్ డజ్ ద బస్ స్టాప్?"లో డజ్ పోతుంది, దాని "స్" వచ్చి క్రియకు అతుక్కుంటుంది: "డూ యూ నో వేర్ ద బస్ స్టాప్స్?" ఇవాళ వెనక బెంచీ అక్క ఈ వాక్యాన్ని మూడుసార్లు తప్పు చెప్పి, నాలుగోసారి తనే సరిదిద్దుకుంది. నాకు చాలా సంతోషమేసింది.

"బస్సు వెళ్లిపోయిందా?" లాంటి వాటికి "ఇఫ్" కావాలి. మన "వెళ్లిపోయిందో లేదో" అన్నమాట. "కుడ్ యూ టెల్ మీ ఇఫ్ ద బస్ హాజ్ లెఫ్ట్?"

రేపు పొద్దున ఎనిమిదిలోపు తలా ఒక ప్రశ్న వాయిస్ మెసేజ్ పెట్టండి. బ్యాంకులోనో ఆసుపత్రిలోనో మీరు నిజంగా అడగాల్సిందే అడగండి. తప్పుపోతుందని టెన్షన్ వద్దు, ఒక్కొక్కటీ విని జవాబిస్తా.