ఆ ఓడ ఎట్టా మునిగిందో అడిగావు కదా

ముత్తుకూరు

ఒరేయ్ మాలకొండా,

ఎట్టా ఉండావు? చీమకుర్తిలో వానలకి క్వారీ పనులు ఆగాయని విన్నాను. అంటే ఇది చదివే తీరిక నీకుంటుంది. మీవాడు మిచిగాన్‌లో ఓడల మ్యూజియానికి పోయి తీసిన, 1975లో మునిగిన ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే ఖనిజం ఓడ గంట ఫోటో నాకు పంపి, కింద తీర్పు కూడా నువ్వే రాసేశావు: "ఇనుప ఖనిజం తడిసి బురదైపోయుంటుంది, ఓ పక్కకి జారుంటుంది, ఓడ బోల్తా కొట్టుంటుంది. పోర్టులో చేసినోడివి, అంతేనా కాదా?" అని. కాదు. ఎందుకు కాదో ఫోన్లో చెప్పబోతే మధ్యలో అడ్డం పడతావు, అందుకే ఉత్తరం.

నీ బురద మాట గాలి మాటేమీ కాదులే. కృష్ణపట్నం పోర్టు 2008లో మొదలైన కొత్తలో బళ్లారి ఖనిజం రేవులో గుట్టలు గుట్టలుగా ఉండేది. నేను టాలీ, అంటే ఓడకెక్కే సరుకు లెక్క, రాసే రోజులవి. 2009 వానాకాలంలో ఖనిజం పొడి వేసుకున్న ఓడలు రెండు మన దేశంలోనే మునిగాయి. జూలైలో మంగళూరు దగ్గర ఏషియన్ ఫారెస్ట్, సెప్టెంబరులో పారాదీప్ దగ్గర బ్లాక్ రోజ్. పొడిలో తేమ హద్దు దాటితే, ఓడ ఊపుకి గుట్టంతా ద్రవంలా మారి ఓ పక్కకి ఒరుగుతుంది. అప్పట్నించీ తేమ ఎంత అన్నదే రేవులో అందరికీ టెన్షన్. నీకు ఆ కథలన్నీ చెప్పింది కూడా నేనే కాబట్టి, ఈ ఓడకి కూడా అదే అంటగట్టావు.

కానీ ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ వేసుకున్నది పొడి కాదు. టాకొనైట్ అనే తక్కువ రకం ఖనిజాన్ని పిండి చేసి, ఇనుమున్న భాగం వేరు చేసి, ఉండలు కట్టి కాల్చిన సరుకు. గోలీకాయలంత గట్టి ఉండలు, 26,116 లాంగ్ టన్నులు. అవి బురద కావు. అయితే ఒక తిరకాసు ఉంది. ఉండల మధ్య సందుల్లోకి నీళ్లు దిగితే పైనుంచి చూసేవాడికి కనపడవు. ఇది గుర్తు పెట్టుకో, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇది సముద్రం మీద జరిగింది కూడా కాదు, అమెరికా, కెనడాల మధ్య ఉన్న సుపీరియర్ సరస్సులో. సరస్సంటే మన పులికాట్ లాంటిదనుకోకు, ఓడ మునిగిన చోట లోతు 530 అడుగులు. ఓడ పొడవు 729 అడుగులు. 1958లో నీళ్లలోకి దింపినప్పుడు ఆ సరస్సుల్లో అంత పెద్ద ఓడ లేదు. మిల్వాకీలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ సొంత ఓడ, వాళ్ల పెద్దాయన పేరే దానికి పెట్టారు. కొత్త ఓడకి చేసే ఆచారం ప్రకారం ఆయన భార్య షాంపేన్ సీసా దానికేసి కొడితే మూడోసారికి గాని పగల్లేదట. మన వాళ్లయితే కొబ్బరికాయ రెండుసార్లు జారినప్పుడే ఎవడో ఒకడు మొహం చిట్లించి ఉండేవాడు.

1975 నవంబరు 9 మధ్యాహ్నం 2:15కి సుపీరియర్ రేవు నుంచి డెట్రాయిట్ వైపు బయల్దేరింది. కెప్టెన్ మెక్‌సోర్లీ, 63 ఏళ్లవాడు, ఆ సీజన్‌తో మానేద్దామనుకుంటున్నాడు. వెనకాల ఆర్థర్ ఎం. ఆండర్సన్ అనే ఇంకో ఖనిజం ఓడ, దాని కెప్టెన్ కూపర్. నవంబరంటే అక్కడా మనలాగే గాలివానల నెల. తుఫాను హెచ్చరిక రాత్రికే వచ్చింది. గాలికి చాటుగా ఉంటుందని ఇద్దరూ ఉత్తరపు ఒడ్డు వెంబడి పోయారు. మర్నాడు మధ్యాహ్నం మూడున్నరకి మెక్‌సోర్లీ రేడియోలో చెప్పాడు: డెక్కు మీద తీగ రెయిలింగ్ తెగింది, రెండు వెంట్ పైపులు పోయాయి, ఓడ ఒక పక్కకి ఒరిగింది, మీరు అందుకునేలా వేగం తగ్గిస్తున్నాను. పంపులు నడుస్తున్నాయా అంటే, రెండూ నడుస్తున్నాయన్నాడు. తర్వాత రాడార్లు పోయాయి. చేరాల్సిన వైట్‌ఫిష్ పాయింట్‌లో లైట్‌హౌసూ, దారి చూపే రేడియో బీకనూ రెండూ ఆ సాయంత్రమే పని చెయ్యలేదు. ఏడు దాటాక ఆండర్సన్ నుంచి ఎట్టా ఉందని అడిగితే, నెట్టుకొస్తున్నాం అన్న అర్థంలో ఒక్క ముక్క అన్నాడు. కాసేపటికి రాడార్ తెర మీద ఓడ లేదు. సాయం కావాలన్న పిలుపు కూడా లేదు. 29 మందీ పోయారు.

ఈ కథ కోడూరులో ఒక ముసలి చేపల వేటగాడికి చెప్పాను, నీకు తెలిసిన మనిషే. మొత్తం విని ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: "దీపం ఎందుకు ఎలగలేదు సామీ?" కారణాలు వెతికేవాళ్లు దాన్ని పక్కన పెడతారు, దీపం వెలగక ఓడకి చిల్లు పడదు కాబట్టి. నాకు మాత్రం ఆ ప్రశ్న మనసులో ఉండిపోయింది.

ఇక తగవుల సంగతి. 1976 మేలో నీటి అడుగుకి కెమెరా యంత్రాన్ని పంపి ఫోటోలు తీశారు. ముందు భాగం 276 అడుగుల ముక్క అడుగు కిందికే పెట్టుకుని కూర్చుని ఉంది. వెనక ముక్క 253 అడుగులు, తలకిందులుగా పడి ఉంది. నడిమి భాగం నుజ్జు. డెక్కు మీద హ్యాచ్‌ల (సరుకు దింపే నోళ్ల) మూతలని బిగించే క్లాంపులు చాలావాటికి దెబ్బే లేదు, తీసి ఉన్నట్టు కనపడ్డాయి. అమెరికా తీర రక్షక దళం, కోస్ట్‌గార్డ్ 1977లో దాన్ని పట్టుకుంది: హ్యాచ్ మూతలు సరిగా బిగించలేదు, మొదట నీళ్లు అక్కణ్ణించే మెల్లమెల్లగా దిగాయి అని. మరుసటి ఏడాది రవాణా ప్రమాదాలు విచారించే అమెరికా సంస్థ ఎన్‌టీఎస్‌బీ ఇంకో రకంగా చెప్పింది: మెల్లగా కాదు, మూతలే అల దెబ్బకి కూలి ఒక్కసారిగా నీళ్లు పడ్డాయి అని. అక్కడా ఒక సభ్యుడు, ఫిలిప్ హోగ్, నేను ఒప్పుకోనని విడిగా రాశాడు.

మూతల సంగతి నాకు కొంచెం తెలుసు కాబట్టి చెప్తాను. ఫిట్జ్‌జెరాల్డ్‌కి 21 హ్యాచ్‌లు. ఒక్కో మూతకి 68 క్లాంపులు, అన్నీ చేత్తో బిగించేవి. లెక్క వేసుకో, 1,428. బయల్దేరింది మంచి ఎండలో. ఏ రేవులోనైనా ఆకాశం తేటగా ఉంటే, అన్నీ బిగించేదాకా పని చేసే మనుషులు తక్కువే, అది దాచేది కాదు. రాత్రికి తుఫాను ముదిరాక, అలలు డెక్కు మీంచి పోతుంటే, పోయి బిగించేది ఎవడు? కాబట్టి కోస్ట్‌గార్డ్ మాటని కొట్టెయ్యలేను. కానీ ఒకటి వదిలేశారు. మూతల సందుల్లోంచి నీళ్లు కారితే రెయిలింగ్ ఎందుకు తెగుతుంది? వెంట్ పైపులు ఎందుకు పోతాయి? మూడున్నరకి ఏదో ఒకటి ఆ ఓడని గట్టిగా తాకింది.

ఇక్కడే మెరక వాదం వస్తుంది. కారిబూ దీవికి వాయవ్యంలో నీళ్ల కింద ఒక రాతి మెరక ఉంది, సిక్స్ ఫాథమ్ షోల్ అంటారు, అంటే 36 అడుగుల లోతు. ఫిట్జ్‌జెరాల్డ్ నీళ్లలోకి దిగిందే 27 అడుగులు. అలల్లో లేచి పడే ఓడకి ఆ తేడా ఏం చాలుతుంది? వెనకాల రాడార్‌లో చూస్తున్న కూపర్, నేనైతే నా ఓడని అంత దగ్గరికి పోనివ్వను అనుకున్నాడు. ఓడల యజమానుల సంఘం, లేక్ క్యారియర్స్ అసోసియేషన్, ఈ వాదం పక్షానే నిలబడింది. పైగా 1976లో కెనడా వాళ్లు మళ్లీ కొలిస్తే, ఆ మెరక పాత పటాల్లో ఉన్నదానికంటే ఒక మైలు దాకా తూర్పుకి ఉందని తేలింది. అడుగు రాతికి ఆని ఓడ నడుం పైకి వంగితే డెక్కు సాగుతుంది, అప్పుడే రెయిలింగ్ తీగ పటుక్కున తెగుతుంది అంటారు వీళ్లు. నాకిది నచ్చింది, రెయిలింగ్‌కి జవాబు చెప్పేది ఇదొక్కటే కాబట్టి.

అయితే నువ్వు వెంటనే అడిగే ప్రశ్న నేనే అడుగుతున్నాను: గీతలేవి? ఈతగాళ్లు ఆ మెరక మీద వెతికితే కొత్తగా ఏదీ తగిలిన గుర్తు లేదు. తలకిందులుగా పడున్న వెనక ముక్క అడుగుభాగం కెమెరాకి బాగా కనిపిస్తుంది, దాని మీద కూడా రాతికి గీరుకున్న దెబ్బ లేదు. ముందు ముక్క అడుగు కిందికే పెట్టుకుని కూర్చుంది, దాని అడుగు ఎవరూ చూడలేరు. మెరక వాదం అంతా ఆ కనపడని చోటులోనే బతుకుతోంది.

నడుం విరిగింది అనేవాళ్లు ఇంకో గుంపు. నీళ్ల పైనే రెండుగా విరిగితే ముక్కలు దూరంగా పడాలి కదా? రెండిటి మధ్యా 170 అడుగులే. 530 అడుగుల లోతులో 729 అడుగుల ఓడ ముక్కు కిందికి పెట్టి దూకితే, ముక్కు అడుగున కొట్టుకునేటప్పటికి తోక ఇంకా నీళ్ల పైన ఉండొచ్చు. అప్పుడు విరిగిందంటే నమ్ముతాను. వంతులుగా వచ్చే మూడు పెద్ద అలల మాట కూడా ఉంది. వాటిని ఊరికే తీసెయ్యకూడదు, ఎందుకంటే ఆరున్నర, ఏడు మధ్యలో ఆండర్సన్ మీదికే రెండు మహా అలలు వచ్చాయనీ, అవి ఫిట్జ్‌జెరాల్డ్ వైపే పోయాయనీ కూపర్ చెప్పాడు.

ఇవన్నీ ఒకదాన్నొకటి కొట్టేసే వాదాలని అందరూ పోట్లాడుకుంటారు గాని, నాకు అట్టా అనిపించదు. ఓడకి దెబ్బ తగిలింది దేనివల్ల, ఓడ ప్రాణం పోయింది దేనివల్ల అనేవి రెండు వేరే ప్రశ్నలు. మధ్యలో మూడున్నర గంటలు ఉన్నాయి. ఆ మధ్యాహ్నం మెరకో, డెక్కు పగులో, అడుగు ట్యాంకుల్లోకి నీళ్లు రానిచ్చింది. నేను మెరక వైపే మొగ్గుతాను, ప్రమాణం మాత్రం చెయ్యను. సరుకు గదులు మూడు ఉన్నా వాటి మధ్య గోడలు నీళ్లు ఆపేవి కావు. ఉండల మధ్యకి చేరిన నీళ్లు ఎవరికీ కనపడవు, ముందు చెప్పాను కదా. ఓడ ఇంచు ఇంచుగా దిగుతుంటే, రాడార్ లేక, చీకట్లో, పాపం మెక్‌సోర్లీ నెట్టుకొస్తున్నాననే అనుకున్నాడు. అప్పుడు ఆ రెండు అలలు వెనక నుంచి ఎక్కాయి. ముక్కు దిగింది, మూతలు కూలాయి. మూతలు కూలడం ఆఖరి పని, మొదటిది కాదు.

నాకు అసలు మండేది వేరే చోట. రేవులో ఓడ బయల్దేరే ముందు సర్వేయర్ డ్రాఫ్ట్ గీతలు, అంటే ఓడ నీళ్లలోకి ఎంత దిగిందో చెప్పే గీతలు, చదవడం నేను ఎన్నిసార్లు చూశానో, ఒక్క ఇంచికి ఎంత పోట్లాట జరిగేదో! అట్టాంటిది 1969, 71, 73లలో రూల్సు మార్చి, ఈ ఓడని మొదట్లో కంటే 3 అడుగుల 3 అంగుళాలు పైచిలుకు లోతుగా దింపడానికి ఒప్పుకున్నారు. దిగినకొద్దీ సరుకు ఎక్కువ, డబ్బు ఎక్కువ. డెక్కుకీ నీటికీ మధ్య మిగిలింది పదకొండున్నర అడుగులు. ఆ రాత్రి కూపర్ చెప్పిన అలలు 30 అడుగుల పైన. అక్టోబరు 31న తనిఖీలో హ్యాచ్‌ల దగ్గర దెబ్బలు కనపడితే సీజన్ అయ్యాక బాగు చేసుకోండి అని వదిలారు. అది వదిలిందీ, మూతలు సరిగా బిగించలేదని రాసిందీ ఒకటే శాఖ. ఓడ యజమానులేమో తప్పు పటాలదీ మెరకదీ అన్నారు. ఎవరి పరిధిలో లేని కారణం వాళ్లకి ముద్దు. చచ్చిపోయిన 29 మందికి మాత్రం మాట్లాడే వంతు లేదు. లోతు కొలిచే యంత్రం కూడా ఆ ఓడలో లేదురా, తాడుకి సీసపు గుండు కట్టి వెయ్యడమే! తర్వాత అవి తప్పనిసరి చేశారు, చలినీళ్లలో బతికించే సూట్లు కూడా.

మీవాడు తీసింది ఆ ఓడ గంటే. 1995లో కుటుంబాల కోరిక మీద పైకి తెచ్చి, 29 పేర్లు చెక్కిన ఇంకో గంటని ఓడ దగ్గర ఉంచి వచ్చారు.

మీవాడు మళ్లీ అటు పోతే సూ సెయింట్ మేరీలో వ్యాలీ క్యాంప్ అనే మ్యూజియం ఓడ ఎక్కమను. ఫిట్జ్‌జెరాల్డ్ లైఫ్‌బోట్లు అందులో ఉన్నాయి. చీరుకుపోయిన చోట్లు దగ్గర నుంచి ఫోటో తీసి పంపమను, రేకు లోపలికి వంగిందా బయటికి వంగిందా చూడాలి. నువ్వు మెరక వాదం కాదంటావా, అయితే రెయిలింగ్ ఎందుకు తెగిందో నాకు జవాబు రాయి. "బురద" అని మాత్రం రాయకు.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. మా ఇంట్లో అందరం బాగున్నాం. మోకాలి నొప్పి అట్టాగే ఉంది.

నీ
పెంచలయ్య