మగ గొంతులు అరువు తేనక్కర్లేదు

ఎడిటర్ గారికి,

అమ్మాయిల అనాథాశ్రమాల్లో క్రిస్మస్ పాటల గురించి మీ జిల్లా పేజీలో వచ్చిన వ్యాసంలో రెండు మాటలు సవరించాలి. ఇటలీ స్వరకర్త వివాల్డీ లాటిన్ చర్చి బృందగానం ‘గ్లోరియా’కి టెనార్, బేస్ (మగ గొంతుల పై, కింది) వరసల్లో మగవాళ్ళు తప్పరని, అందుకే కోనసీమ, నరసాపురం వైపు హాస్టళ్ళలో ఆ రెండింటికీ రికార్డు ట్రాక్ పెడుతున్నారని రాశారు. వివాల్డీ వెనిస్‌లో ‘సన్యాసినులకు’ సంగీతం నేర్పాడనీ రాశారు. రెండూ పొరపాటే.

వెనిస్‌లో సంగీతానికి పేరుపడ్డ ధర్మసంస్థలు నాలుగు: పియెతా, మెండికాంతి, ఇన్‌కురాబిలి, ఓస్పెదలెత్తో. 1346లో మొదలైన పియెతా, కన్నవాళ్ళు వదిలేసిన పసిపిల్లల్ని పెంచేది. మగపిల్లలు పెద్దయ్యాక చేతిపని నేర్చుకోవడానికి బయటికి వెళ్ళేవారు. ఆడపిల్లల్లో గొంతు, చెయ్యి ఉన్నవాళ్ళని ఏరి సంగీతంలో పెట్టేవారు. వాళ్ళు సన్యాసినులు కారు, పెళ్ళి చేసుకుని వెళ్ళిపోవచ్చు. వివాల్డీ 1703లో ఏడాదికి 60 డకట్ల (నాటి వెనిస్ నాణేలు) జీతానికి అక్కడ వయొలిన్ మాస్టారుగా చేరాడు. అయితే చిన్నవాళ్ళకి రోజూ నేర్పింది ఎక్కువగా పెద్దమ్మాయిలే. ఇంటిపేరు లేని ఆ పిల్లలకి వాయిద్యమే ఇంటిపేరు: ‘వయొలిన్ అన్నా మరియా’ యూరప్ అంతా తెలిసిన పేరు. 1716లో వివాల్డీ ‘జుడితా’ ఒరటోరియోలో (బైబిలు కథని పాటల్లో చెప్పే రూపకం) సేనాని హోలోఫెర్నెస్ పాత్ర కూడా అమ్మాయే పాడింది. మరి ‘గ్లోరియా’ లాంటి పాటల్లో బేస్ ఎవరు పాడారు? ఆ అమ్మాయిలే.

మన దగ్గర ఎలా చెయ్యాలంటే, 24 మంది ఉంటే సొప్రానోకి (ఆడ గొంతుల పై వరస) 9, ఆల్టోకి (కింది వరస) 7, టెనార్‌కి 5, బేస్‌కి 3. టెనార్‌కి బాగా కింది గొంతున్న పెద్దపిల్లల్ని ఏరి, రాసిన స్థాయిలోనే పాడించాలి. అందని స్వరం దగ్గర ఊరుకోమనండి, నొక్కి పాడితే గొంతు పోతుంది. బేస్ వరసని ఒక స్థాయి పైన పాడించాలి. చిక్కంతా ఇక్కడే. పైకెత్తిన బేస్ ఒక్కోచోట టెనార్‌ని దాటి పోతుంది. అప్పుడు అడుగున ఉండాల్సిన స్వరం మధ్యలో పడి కార్డు (కలిసి మోగే స్వరాల గుత్తి) తలకిందులై, పాట కాళ్ళు నేలకి ఆననట్టు వినిపిస్తుంది. అందుకే అదే వరసని రాసిన స్థాయిలో చెల్లో (వయొలిన్ కుటుంబంలో పెద్ద, కింది స్వరాల వాయిద్యం) మోయాలి. చెల్లో దొరక్కపోతే కీబోర్డు ఎడమచెయ్యి చాలు, చెల్లో టోన్ పెట్టి ఒక్కొక్క స్వరమే వాయించాలి. రిథమ్ బటన్, ఆటో కార్డులు మాత్రం ఆపేయండి. దాతలు కీబోర్డు కొనిచ్చింది ఆ డప్పు కోసమే అన్నట్టు వాడుతున్నారు!

కర్ణాటక వయొలిన్ నేర్చిన పిల్లలు ఉంటే అదృష్టమే. స-ప-స-ప శ్రుతిని మాత్రం మార్చాలి. ఐదో శ్రుతికి (జి) మేళవించిన వయొలిన్లో పై రెండు తీగల్నీ చతుశ్రుతి రిషభమంత ఎత్తు పెంచితే పాశ్చాత్య మేళవింపు వచ్చేస్తుంది. పై తీగ లావుదైతే తెగుతుంది, అది మార్చి పెట్టుకోవాలి. గమకం అలవాటు ఇంకో అడ్డంకి. మూడో భాగం ‘లౌదామస్ తే’లో రెండు సొప్రానోల్లో ఒకరు స్వరం పట్టుకుని ఉండగా రెండోవారు కదిలి ఒరిపిడి పుట్టిస్తారు. పట్టుకున్న స్వరం ఊగిందా, ఆ ఒరిపిడి అపశ్రుతిలా వినిపిస్తుంది. వానాకాలపు తేమకి వయొలిన్ బిరడాలు ఉబ్బి బిగుసుకుంటాయి, బలవంతంగా తిప్పకండి. బిరడా బయటికి లాగి, రాపిడి ఉన్నచోట పెన్సిల్ ముల్లు రుద్దితే చాలు.

లాటిన్ మాటల్ని తెలుగు లిపిలో రాసివ్వండి, ‘ఎక్‌షెల్సిస్’ అని. మన నాలుక హల్లు చివర ఉకారం తగిలిస్తుంది: ‘పాక్స్’ కాస్తా ‘పాక్సు’ అవుతుంది, అదీ ఇరవై మందికి ఇరవై క్షణాల్లో. చివరి ‘స్’ ఇద్దరికే అప్పగించి, మిగతావాళ్ళని అచ్చు మీదే ఆగమనాలి.

మొత్తం పన్నెండు భాగాలు, అరగంట పాట. మొదటి ఏడాది ఒకటి, మూడు, ఆరు చాలు. ఆరోదాంట్లో ఓబో (సన్నాయి లాంటి ఊదే వాయిద్యం) వరస వయొలిన్‌కి ఇవ్వొచ్చు. డిసెంబరులో పాడాలంటే ఆగస్టులోనే మొదలుపెట్టాలి. నవంబరులో మొదలుపెట్టినవాళ్ళే చివరికి ట్రాక్ వెతుక్కుంటారు.

ఇంకొకటి, ఇది మీ పత్రికకే. పియెతా పిల్లలు ఇనప జాలీ వెనక నిలబడి పాడేవారు, వినేవాళ్ళకి ముఖాలు సరిగా కనిపించేవి కావు. జాలీ మనకి అక్కర్లేదు గానీ, సంరక్షణలో ఉన్న పిల్లల్ని గుర్తుపట్టేలా వివరాలు ప్రచురించకూడదని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 చెబుతోంది. మీ వ్యాసం పక్కన నలుగురు అమ్మాయిల ముఖాలు, పేర్లు, బడి పేరు ఉన్నాయి. ఈసారి ఫొటోగ్రాఫర్‌ని వెనకనుంచి తీయమనండి, చేతులూ కమానులూ పడితే చాలు.

ఇట్లు,
కొందరు బృందగాన శిక్షకులు,
అమలాపురం