క్రిల్ టన్నుల్లో కలిసిపోతున్న చేపపిల్లలు

సంపాదకుడు గారికి,

అంటార్కిటికాలో క్రిల్ (రొయ్యను పోలిన చిన్న సముద్రజీవి) వేట గురించి రాసినప్పుడల్లా చర్చ పెంగ్విన్లు, తిమింగలాల దగ్గరే ఆగిపోతోంది. అదే వలలో పడే చేపపిల్లల ఊసు ఎవరూ ఎత్తరు. అక్కడి చేపల వేటను నియంత్రించే అంతర్జాతీయ కమిషన్ (సీసీఏఎంఎల్ఆర్) పెట్టిన 6,20,000 టన్నుల పరిమితిని 2025లో క్రిల్ పట్టుబడి తాకడంతో ఆగస్టులోనే వేట ఆపేయాల్సి వచ్చింది. ఆ పరిమితిని ప్రాంతాలవారీగా పంచే నిబంధన గడువు 2024లో తీరిపోయింది. పొడిగింపుపై కమిషన్ సభ్యదేశాలకు ఏకాభిప్రాయం కుదరలేదు. దాంతో నౌకలు ఎక్కువగా అంటార్కిటిక్ ద్వీపకల్పం చుట్టూ చేరాయి.

ఆ తీరపు నీళ్లు క్రిల్‌కే కాదు, చేపపిల్లలకూ ఆవాసం. సిల్వర్‌ఫిష్ అనే అంటార్కిటిక్ చేపనే తీసుకోండి. దాని గుడ్లు కొన్నిచోట్ల సముద్రపు మంచు అడుగున పలకలుగా పేరుకునే మంచు స్ఫటికాల మధ్య ఉంటాయి. నవంబరు, డిసెంబరుల్లో 8-10 మిల్లీమీటర్ల లార్వాలు బయటికొస్తాయి. పెద్ద చేపలు లోతుకు దిగినా, పిల్లలు ఎక్కువగా పై వంద మీటర్లలోనే తిరుగుతాయి. నౌక వెనక లాగే క్రిల్ ట్రాల్ వలలు కూడా చాలావరకు పై రెండు వందల మీటర్లలోనే నడుస్తాయి. వల కన్ను సన్నం. పైగా క్రిల్ నిండేకొద్దీ ఆ కళ్లూ మూసుకుపోతాయి, ఇక పిల్ల జారిపోయే దారి ఉండదు.

నౌకలో పరిశీలకుడు ఉన్నాడు కదా అనవచ్చు. ఉన్నాడు, కానీ అతను చూసేది పట్టుబడిలో ఒక చిన్న నమూనానే. వల నుంచి నౌకలోకి తోడే పంపులో నలిగిన క్రిల్ ముద్దలో గాజులా ఉండే లార్వాను పట్టుకోవడం తేలిక కాదు. తాజా నమూనాను తెల్లటి ట్రేలో సముద్రపు నీళ్లు పోసి పల్చగా పరిస్తే ముందు కనిపించేవి రెండు నల్లటి కళ్లే. జాతి తేల్చాలంటే పొట్ట కింద, తోక వెంట ఉండే నల్లచుక్కల వరుస చూడాలి. ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్ఏ పరీక్షకు పనికిరాకుండా పోతుంది, ఇథనాల్‌లో దాచాలి. ఇంత శ్రమా పడ్డాక చివరికి కిలోల్లో రాస్తే ఏం లాభం? పిల్ల ఒక్కోటి 20 మిల్లీగ్రాములు అనుకుంటే కిలోకు యాభై వేలు! బరువు పట్టికలో అది సున్నాకు పక్కనే ఉంటుంది.

చేపపిల్లలు ఎక్కడెక్కడ దొరికాయో చూపే పరిశోధన నౌకల పటాలను కూడా జాగ్రత్తగా చదవాలి. అవి ఎక్కువగా వెళ్లేది జనవరి, ఫిబ్రవరుల్లో. అప్పటికి దక్షిణాన చీకటి పడే సమయమే తక్కువ. కాస్త ఎదిగిన పిల్లలు వలను చూసి పక్కకు తప్పుకుంటాయి. వల మూతి దగ్గర నీటి ప్రవాహాన్ని కొలిచే ఫ్లోమీటర్ డెక్ మీదే గడ్డకట్టి తిరగకపోతే ఎంత నీరు వడగట్టామో తెలియదు, వెయ్యి ఘనపు మీటర్లకు ఎన్ని అన్న అంకె చెల్లదు. శీతాకాలంలో మంచు కింద వల వేసేవారు అరుదు. కాబట్టి పటంలో ఖాళీగా ఉన్న చోటల్లా చేప లేదని కాదు. ద్వీపకల్పం పశ్చిమాన మాత్రం దీర్ఘకాలపు లెక్కలున్నాయి: సముద్రపు మంచు తగ్గిన ఏళ్లలో సిల్వర్‌ఫిష్ లార్వాలూ తగ్గాయి.

దక్షిణ అట్లాంటిక్‌లోని దక్షిణ జార్జియా దీవి దగ్గర 1969-70 సీజన్‌లో మార్బుల్డ్ రాక్‌కాడ్ అనే చేపను దాదాపు 4 లక్షల టన్నులు పట్టారు. ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే అక్కడ దాని సంఖ్య కూలిపోయింది. ఆ చేప పిల్లలు ఏళ్ల తరబడి తీరపు కెల్ప్ నాచులో పెరిగి గానీ బయటి నీళ్లకు పోవు. ఇంత మెల్లగా ఎదిగే జాతికి పోయిన తరాన్ని పూడ్చుకోవడం పదేళ్లలో అయ్యే పని కాదు.

భారత్ ఈ కమిషన్‌లో సభ్యదేశం. తూర్పు అంటార్కిటికా, వెడెల్ సముద్ర రక్షిత ప్రాంతాల ప్రతిపాదనలకు 2021లో మద్దతు కూడా ప్రకటించింది. ఏటా అక్టోబరులో హోబర్ట్‌లో జరిగే సమావేశంలో చేపపిల్లలను సంఖ్యలో, పొడవుతో సహా, జాతివారీగా నమోదు చేయాలని మన ప్రతినిధులు పట్టుబట్టాలి. నమూనా పంపు దగ్గర కాకుండా వీలైన చోట వల చివరి సంచి నుంచే తీయాలి. రక్షిత ప్రాంతాలకు ఏకాభిప్రాయం కావాలి, ఒక్క దేశం అడ్డుపడితే అవి ఏళ్లకేళ్లు వాయిదా పడుతున్నాయి. లెక్క రాసే ఫారం మార్చడానికి అంత పేచీ ఉండదు, ముందు అదే అడగాలి.

– ఒక పాఠకుడు